సముద్రంలో దిగే రోజును ముందు రాసుకోండి

సెలవుల ప్రయాణం అనుకోగానే ముందు రైలు టికెట్లు చూసుకుంటాం. తర్వాత హోటలు, తర్వాత పిల్లలు అడిగిన పార్కు, చివరికి దేవుడి దర్శనం. ఇవన్నీ కుదిరాక ఎక్కడో ఒక పూటో, ఒక రోజో మిగులుతుంది. ఇంట్లో ఎవరికైనా స్కూబా డైవింగ్ మీద మనసుంటే ఆ మిగిలిన రోజును వాళ్ల చేతిలో పెడతాం. అది చాలాసార్లు ఆఖరి రోజే అవుతుంది. మొత్తం ప్రయాణంలో స్కూబాకు అన్నిటికంటే పనికిరాని రోజు కూడా అదే. ఎందుకో తెలిస్తే మీ ప్రయాణం మొత్తం వేరేగా రాసుకుంటారు.

కృష్ణ ఒడ్డున ధరణికోటలో ఒక ఇల్లు అనుకుందాం. అమ్మానాన్నా, ఇంటరు పరీక్షలు రాసిన కొడుకు, ఎనిమిదో తరగతి కూతురు, రెండో తరగతి చిన్నోడు, నాయనమ్మ, తాతయ్య. వేసవి సెలవులు. విజయవాడ వెళ్లి రైలెక్కితే చెన్నై ఆరేడు గంటలు. చెన్నైలో ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద వీజీపీ, ఎంజీఎం పార్కులు ఎప్పటి నుంచో ఉన్నాయి. 2025 డిసెంబరులో తిరుప్పోరూరు వైపు వండర్‌లా కూడా తెరిచారు. హైదరాబాదు వండర్‌లా చూసేసిన పిల్లలకు ఇప్పుడు మనసంతా దాని మీదే. అదే ఈస్ట్ కోస్ట్ రోడ్డు పట్టుకుని దక్షిణానికి పోతే, చెన్నైకి 150 కిలోమీటర్ల దూరంలో పుదుచ్చేరి. అక్కడ పడవలో సముద్రంలోకి తీసుకెళ్లి, కొత్తవాళ్ల చేత కూడా స్కూబా చేయించే కేంద్రాలున్నాయి. ఇక తమిళనాడు దాకా వెళ్లిన తెలుగువాళ్లు తిరుపతి మీదుగా కాక ఇంకెట్లా తిరిగొస్తారు?

"నాన్నా, ఆఖర్రోజు పొద్దున్నే పాండిచ్చేరిలో డైవ్ చేసి, పదకొండింటికి కారెక్కితే సాయంత్రానికి కొండ మీదుంటాం" అంటాడు పెద్దోడు.

"అట్టాగే కానీరా, ఒక రోజు కలిసొస్తది" అంటాడు తండ్రి.

కాగితం మీద ఇంత చక్కగా కుదిరిన ప్రణాళిక ఇంకోటి ఉండదు. ఒంటికి మాత్రం ఇది కుదరదు.

నీళ్లలో 10 మీటర్లు దిగేసరికి మన మీద పీడనం రెట్టింపవుతుంది. ఆ పీడనంలో సిలిండర్ గాలి పీలుస్తున్నప్పుడు అందులోని నత్రజని మామూలు కంటే ఎక్కువగా రక్తంలో, కండరాల్లో, కొవ్వులో కరుగుతుంది. పైకి వచ్చాక ఆ అదనపు నత్రజని ఊపిరితిత్తుల ద్వారా మెల్లగా బయటికి పోవాలి. దానికి కొన్ని గంటలు పడుతుంది. ఈలోపే మనం ఇంకా ఎత్తుకు వెళ్తే చుట్టూ గాలి పీడనం తగ్గి, కరిగి ఉన్న వాయువు ఒంట్లోనే బుడగలు కట్టే వీలుంది. కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, తల తిరగడం, విపరీతమైన నీరసం దాని లక్షణాలు. ముదిరితే నరాలు, వెన్నుపాము దెబ్బతింటాయి. దీన్నే డికంప్రెషన్ సిక్‌నెస్ అంటారు.

అందుకే డైవర్ల ఆరోగ్యం మీద పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ ఒక లెక్క చెప్పింది. ఒక్కసారి మాత్రమే డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకే రోజు రెండు మూడు సార్లో, వరసగా కొన్ని రోజులో చేస్తే కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలి. పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగాల్సినంత లోతైన డైవ్‌లకు ఇంకా ఎక్కువ. చెన్నై నుంచి గన్నవరం గంట ప్రయాణమే కదా అనడానికి లేదు. లెక్క చూసేది ప్రయాణం ఎంతసేపన్నది కాదు, విమానం లోపలి పీడనం ఎంతకు తగ్గుతుందన్నది. ఈ సూచనలు విమానానికే పరిమితం కావు. దాదాపు 600 మీటర్లు దాటిన ఏ ఎత్తుకైనా వర్తిస్తాయి. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. ఘాట్ రోడ్డు మీద బస్సులో వెళ్లినా, మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినా ఎత్తు ఎత్తే. పైగా మెట్లెక్కడం ఒంటిని బాగా శ్రమపెట్టే పని. డైవ్ చేసిన రోజు అలాంటి శ్రమ వద్దని వేరేగా చెబుతారు.

విశాఖ వెళ్లేవాళ్లకూ ఇదే చిక్కు వేరే రూపంలో ఎదురవుతుంది. పొద్దున రుషికొండలో స్కూబా, మధ్యాహ్నం అరకు అనుకుంటారు. అరకు 900 మీటర్ల పైమాటే. గాలికొండ దగ్గర రోడ్డు ఇంకా పైకెక్కి దిగుతుంది. అరకు ముందు చూసి వచ్చి, ఆ తర్వాత సముద్రంలో దిగితే ఏ ఇబ్బందీ లేదు. వరస మార్చుకుంటే చాలు.

ఐదారు మీటర్ల లోతులో కాసేపు గడిపి వచ్చినవాళ్లకు ప్రమాదం తక్కువేనని ఎవరైనా మీతో అనవచ్చు. నిజమే, తక్కువే. కానీ కుటుంబంతో బయల్దేరినప్పుడు, ప్రయాణం వరస ఒక్కటి మార్చుకుంటే పూర్తిగా తప్పిపోయే ప్రమాదాన్ని వెంట పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు.

పార్కు ముందా, సముద్రం ముందా

పిల్లలు పార్కే ముందంటారు. ఇక్కడ పెద్దవాళ్లు గట్టిగా ఉండాలి. వాటర్ పార్కులో రోజంతా నానిన మర్నాడు ముక్కు దిబ్బడ, గొంతు గరగర, చెవుల్లో నీళ్లు మనకు కొత్తేమీ కావు. మామూలు రోజుల్లో పట్టించుకోం. స్కూబాకు మాత్రం ఆ చిన్న జలుబే అడ్డు.

నీళ్లలో దిగుతుంటే మొదటి రెండు మూడు మీటర్లలోనే చెవులు బిగుసుకుంటాయి. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు చెవులు మూసుకుపోయినట్టుంటుందే, అదే మరింత గట్టిగా. ముక్కు రెండు వేళ్లతో మూసి, నోరు మూసి ఉంచి, మెత్తగా గాలి ఊదితే చెవిలో చిన్న చప్పుడై తేలికవుతుంది. నొప్పి పుట్టాక కాదు, నొప్పి రాకముందే, దిగే ప్రతి మీటరుకూ ఇలా చేస్తుండాలి. తేలిక కాకపోతే కొంచెం పైకి లేచి మళ్లీ ప్రయత్నించాలి. జలుబుతో ముక్కుకూ చెవికీ మధ్య దారి వాచి ఉంటే ఎంత ఊదినా గాలి పోదు. పట్టుదలకు పోయి దిగితే కర్ణభేరికే దెబ్బ. జలుబు మాత్ర వేసుకుని దిగడమూ తెలివైన పని కాదు. నీళ్లలో ఉండగా మందు ప్రభావం తగ్గితే పైకి వచ్చేటప్పుడు గాలి చిక్కుకుపోతుంది.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. చెన్నైలో రైలు దిగి నేరుగా పుదుచ్చేరి వెళ్లండి. రాత్రి బాగా నిద్రపోయి మర్నాడు పొద్దున డైవ్ చేయండి. ఆ పూట ఇక వేరే కార్యక్రమం వద్దు. మూడో రోజు తీరిగ్గా చెన్నై, నాలుగో రోజు పార్కు, ఆ తర్వాత తిరుపతి. డైవ్‌కీ కొండకీ మధ్య రెండు రాత్రుళ్లు పైనే గడిచిపోతాయి. దర్శనం టికెట్టు మూడు నెలల ముందే చేతిలో ఉందంటే, ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి. డైవ్ రోజు ఎక్కడ పడాలో అదే తేలుతుంది.

కాలం సంగతి కూడా ఇక్కడే. తమిళనాడు తీరానికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. తుఫాన్లూ అప్పుడే. దసరా సెలవుల్లో స్కూబా కోసం అటు వెళ్లడం కంటే వేసవే నయం.

కృష్ణలో ఈదినవాళ్లకు ఒక మాట

కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన పిల్లలకు నీళ్లంటే బెరుకుండదు. అమరావతి రేవుల్లో స్నానం చేసినవాళ్లు, ఎదురీత ఈదినవాళ్లు, సముద్రంలో నాకేంటి అనుకుంటారు. ఆ ధైర్యం కొంతవరకు పనికొస్తుంది. నీళ్లు ముఖానికి తగలగానే కంగారుపడరు. కానీ నది నేర్పిన ఒక అలవాటు సముద్రం అడుగున ప్రాణం మీదికి తెస్తుంది.

నదిలో మునక వేసినవాడికి ఊపిరి బిగబట్టడమే విద్య. ఎవరు ఎక్కువసేపు బిగబడితే వాడు మొనగాడు. స్కూబాలో మొదటి నియమమే ఊపిరి ఎప్పుడూ బిగబట్టవద్దని. పది మీటర్ల లోతులో ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి, పైకి వచ్చేసరికి రెట్టింపు చోటు అడుగుతుంది. నోట్లో సిలిండర్ గాలి అందించే రెగ్యులేటర్ ఉండి, మామూలుగా పీలుస్తూ వదులుతూ ఉంటే ఆ పెరిగిన గాలి తనంతట తానే బయటికి పోతుంది. భయపడి ఊపిరి బిగబట్టి ఒక్క ఉదుటున పైకి తన్నుకొస్తే దానికి దారి ఉండదు. ఊపిరితిత్తులే చిరిగే ప్రమాదం ఉంది. నాలుగైదు మీటర్ల లోతు నుంచి కూడా ఇది జరగవచ్చు. కనుక ఈత బాగా వచ్చిన కుర్రాడికే ఈ మాట రెండుసార్లు చెప్పండి. ఈత రానివాళ్లు చెప్పినట్టు వింటారు. వచ్చినవాళ్లు తమ అలవాటు వింటారు.

ఊరు బయల్దేరే ముందు ఇంట్లోనే ఒక చిన్న సాధన చేయవచ్చు. బకెట్టు నిండా నీళ్లు పోసి, ముక్కూ కళ్లూ నీళ్లలో ముంచి, నోటికి పెట్టుకున్న గొట్టంతో మాత్రమే గాలి పీల్చి వదలాలి. పక్కన పెద్దవాళ్లు ఉండాలి. ముక్కులో నీళ్లు తగులుతుంటే నోటితో ఊపిరి తీయడం మొదట్లో చాలామందికి కుదరదు. కాసేపటికి మెదడు ఒప్పుకుంటుంది. పడవ మీద సగం భయం ఈ ఒక్క విషయం దగ్గరే పుడుతుంది. అందులో చాలా భాగం ఇంటి పెరట్లోనే వదిలేసి వెళ్లవచ్చు.

నీళ్లలో మాటలుండవు, సైగలే. బొటనవేలు పైకెత్తడం మనకు బాగుందనే గుర్తు. అక్కడ దానికి అర్థం "పైకి వెళ్దాం" అని. ఫోటోకు ముచ్చటగా బొటనవేలెత్తిన పిల్లను ఇన్‌స్ట్రక్టర్ పైకి తీసుకొచ్చేస్తాడు. అతని తప్పేమీ లేదు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నాలా చూపిస్తే బాగానే ఉన్నానని. అరచెయ్యి అటూ ఇటూ ఆడిస్తే ఏదో తేడాగా ఉందని, అలా ఆడించి చెవి చూపిస్తే చెవి నొప్పని. ఈ నాలుగూ రైల్లోనే పిల్లలకు నేర్పేయండి.

ఎవరు దిగాలి, ఎవరు వద్దు

అంతర్జాతీయంగా పేరున్న పాడి సంస్థ నియమాల ప్రకారం సముద్రంలో తొలి అనుభవ డైవ్‌కు కనీసం పదేళ్లుండాలి. లోతు 12 మీటర్లు దాటకూడదు. మన ఇంట్లో ఎనిమిదో తరగతి అమ్మాయి దిగవచ్చు, రెండో తరగతి చిన్నోడు దిగకూడదు. వాడు ఏడుస్తాడు. పార్కులో పెద్ద రైడ్ దగ్గర ఎత్తు కొలిచి, చాలదని వెనక్కి పంపినప్పుడూ ఏడుస్తాడు. అక్కడ గేటు దగ్గర మనిషిని బతిమాలుకోం. ఇక్కడా బతిమాలుకోవద్దు. డబ్బు తీసుకుని వయసు చూడనట్టు నటించే చోటు దొరికితే, ఆ చోట మీరు కూడా దిగవద్దు.

పుదుచ్చేరి దగ్గర టెంపుల్ రీఫ్ అని పేరున్న కృత్రిమ దిబ్బ ఉంది. చేపలకు ఆశ్రయంగా సముద్రం అడుగున కట్టినది. అది 18 మీటర్ల లోతు ప్రాంతం. కోర్సు పూర్తి చేసి సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లకు తగినది. మొదటిసారి దిగేవాళ్లను అంత లోతుకు తీసుకెళ్తామని ఎవరైనా గొప్పగా చెబితే అది గొప్ప కాదు.

ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు ముందే తమ డాక్టరుతో మాట్లాడాలి. షుగరు, బీపీ మందులు వాడేవాళ్లూ అంతే. గర్భిణులు అసలు దిగకూడదు. మంచి కేంద్రం ఒక ఆరోగ్య పత్రం చేతికిచ్చి నింపమంటుంది. అందులో అన్నిటికీ "లేదు" అని గబగబా టిక్కులు పెట్టేయడం మన దగ్గర బాగా అలవాటు. చిన్నప్పుడు ఇన్‌హేలర్ వాడిన సంగతి అక్కడే రాయాలి. ఆ పత్రమే ఇవ్వని కేంద్రమైతే అక్కడి నుంచి లేచి వచ్చేయడం మంచిది.

మన ఆడవాళ్లు చాలామంది మనసులో కోరిక ఉన్నా బట్టల గురించి ఆలోచించి వెనక్కి తగ్గుతారు. నోరు విప్పి అడగరు కూడా. వెట్‌సూట్ చాలా చోట్ల మెడ నుంచి చీలమండ దాకా ఉంటుంది. దాని లోపల ఒంటికి అతికే లెగ్గింగ్స్, పొడుగు చేతుల టీషర్టు వేసుకోవచ్చు. బట్టలు మార్చుకునే గది ఎలా ఉంది, మహిళా ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారా అని ఫోన్లోనే అడగండి. అమ్మ ఒడ్డున బ్యాగులు చూసుకుంటూ కూర్చోవడానికే వచ్చిందని ముందే తీర్మానించేయకండి. ఆమెను కూడా సూటిగా అడగండి. "వద్దులే, మీరెళ్లండి" అన్నది మొహమాటమా, నిజంగా వద్దనుకోవడమా అన్నది ఇంట్లోవాళ్లకు తెలియంది కాదు.

కళ్లజోడు మాస్కులో పట్టదు. పవర్ ఉన్న మాస్కు ఇస్తారేమో కనుక్కోండి. మీసం ఒత్తుగా ఉన్న మగవాళ్లకు మాస్కు పై పెదవి దగ్గర సరిగ్గా అతకదు. కొంచెం కొంచెంగా నీళ్లు లోపలికి వస్తూ ముక్కు దగ్గర నిలుస్తాయి. ముందు రోజు మీసం పైభాగం కాస్త కత్తిరించుకుంటే ఆ బాధ తగ్గుతుంది.

దిగనన్నవాళ్లను ఎట్టి పరిస్థితిలోనూ బలవంతపెట్టొద్దు. పడవ ఎక్కాక, సూట్ వేసుకున్నాక, సిలిండర్ తగిలించాక కూడా వద్దనే హక్కు వాళ్లకుంది. రోలర్ కోస్టర్‌లో భయపడినవాళ్లను కూడా రైడ్ చివరికి మోసుకెళ్లి దించుతుంది. సముద్రంలో అలాంటి ఏర్పాటు లేదు. భయపడిన మనిషి ఊపిరి బిగబడతాడు, మాస్కు పీకేస్తాడు. కట్టిన డబ్బు పోతే పోయింది.

ఫోన్లో అడగాల్సినవి

రేటు చివర్లో అడగండి. ముందు అడగాల్సింది ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది అని. తొలిసారి దిగేవాళ్లకు ఒక్కరికి ఒకరుంటే మేలు, ఇద్దరికి ఒకరైనా ఫరవాలేదు. ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ పాడిదా, ఎస్‌ఎస్‌ఐదా, మరొకటా, అందులో అతని హోదా ఏమిటి? పడవ మీద ఆక్సిజన్ ఉందా? సముద్రంలో దిగే ముందు స్విమ్మింగ్ పూల్‌లోనో, లోతులేని చోటో సాధన చేయిస్తారా? "రెండు గంటల డైవ్" అని చెబితే అందులో నీటి అడుగున ఉండేది ఎన్ని నిమిషాలు? పడవ ప్రయాణం, సూట్ వేయడం, పాఠం అన్నీ కలిపి ఆ రెండు గంటలైతే అదేమీ మోసం కాదు, కానీ ముందే తెలియాలి. సముద్రం బాగాలేక రద్దయితే డబ్బు తిరిగిస్తారా? ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్‌లోనైనా తీసుకోండి.

దిగనివాళ్ల రోజు

కుటుంబ ప్రయాణంలో ఇద్దరు సముద్రంలోకి వెళ్తే ఐదుగురు ఎండలో జెట్టీ మీద ఎదురుచూడటం న్యాయం కాదు. వాళ్ల రోజు కూడా రాసుకోండి. తాతయ్యకు నేనైతే అరికమేడు చూపిస్తాను. పుదుచ్చేరికి దక్షిణాన నాలుగైదు కిలోమీటర్లలో, అరియాంకుప్పం నది ఒడ్డున ఉంది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వించి, రోమన్లతో వర్తకం జరిగిన రేవని తేల్చాడు. ధరణికోట మనిషికి ఇది పరాయి సంగతి కాదు. 1960ల్లో పురావస్తు శాఖ ధరణికోటలో తవ్వినప్పుడు కూడా పడవలు వచ్చే కాలువ, సరుకు దించే రేవు కట్టడం బయటపడ్డాయి. ఒకే సముద్రం మీద, ఒకే కాలంలో వర్తకం చేసిన రెండు ఊళ్లు. అరికమేడు దగ్గర ఇప్పుడు కంటికి కనబడేది కొద్దే. అక్కడ దొరికిన వస్తువులు పుదుచ్చేరి మ్యూజియంలో చూడవచ్చు. నాయనమ్మకు మనకుల వినాయకుడి గుడి, చిన్నోడికి బీచ్ రోడ్డు. ఎండెక్కక ముందే ముగించుకుని అందరూ భోజనానికి కలవండి.

దిగేవాళ్లు పొద్దున రెండు ఇడ్లీలతో ఆపాలి. ఖాళీ కడుపుతో వెళ్తే పడవ ఊపుకు వికారం, నిండా తిని వెళ్తే వాంతి. ముందు రోజు నుంచే నీళ్లు బాగా తాగాలి. తిరిగొచ్చాక కొబ్బరి నీళ్లు, భోజనం, నిద్ర. ఆ రాత్రి కీళ్లలో నొప్పి, చర్మం మీద మచ్చలు, తిమ్మిరి, చెవిలో హోరు లాంటివి కనిపిస్తే ప్రయాణ బడలికలే అని తేల్చేయకుండా ఆస్పత్రికి వెళ్లి, పొద్దున స్కూబా చేశామని డాక్టరుకు మొదటి మాటగా చెప్పాలి. మీరు చెప్పకపోతే ఆయనకు ఆ ఊహ రాకపోవచ్చు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లినా

మన పల్నాడు, గుంటూరు వైపు నుంచి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లేవాళ్లు ఫ్లోరిడాలో ఓర్లాండో డిస్నీ వరల్డ్ చూడకుండా రారు. ఓర్లాండోకు సముద్రం లేదు. గంట, రెండు గంటలు కారులో వెళ్తే అటు సముద్రం, ఇటు భూమిలోంచి ఉబికే నీటి ఊటలు. విల్లిస్టన్ ఊళ్లోని డెవిల్స్ డెన్ అలాంటిదే. నేలలో గుహ లాంటి గుంట, అడుగున ఏడాది పొడవునా 22 డిగ్రీల నీళ్లు. అక్కడ స్కూబాకు సర్టిఫికెట్ ఉండాలి, లేనివాళ్లు గొట్టం పెట్టుకుని పైపైన ఈదే స్నార్కెలింగ్ చేయవచ్చు. అక్కడి నుంచి మళ్లీ డల్లాస్‌కో, న్యూజెర్సీకో విమానంలోనే పోవాలి కాబట్టి లెక్క మారదు. పార్కు రోజులన్నీ విమానం వైపు, డైవ్ రోజు వచ్చిన కొత్తలో.

ఇంకొకటి మిగిలింది. ఇంత జాగ్రత్తగా మొదట్లో పెట్టుకున్న రోజున అలలు ఎక్కువగా ఉండి పడవలు కదలకపోతే? అందుకే మూడో రోజును తీరిగ్గా ఉంచమన్నది. కేంద్రంవాళ్లు మర్నాటికి మారుస్తామంటే ఆ రోజు వాడుకోండి. తిరుమలకు ఇంకా ఒకటిన్నర రోజు వ్యవధి ఉంటుంది. మర్నాడు కూడా కుదరకపోతే డబ్బు వెనక్కి తీసుకుని పార్కుకు వెళ్లిపోండి. తిరుగు ప్రయాణం రోజు పొద్దున ఒక్క గంటలో చేయించి పంపిస్తామని వాళ్లు ఫోన్ చేస్తే, వద్దండీ, ఈసారికి కుదరదు అని చెప్పి పెట్టేయండి.